మాడిఫైడ్ టర్బో కార్ ఎగ్జాస్ట్ మోత తగ్గించడం: లీక్ చెక్ నుంచి డ్రోన్ పైప్ దాకా వరసగా

"స్టేజ్ 2 చేయించా, 3 ఇంచుల డౌన్‌పైప్ వేయించా, ఇప్పుడు పొద్దున్నే సెల్లార్‌లో కార్ స్టార్ట్ చేస్తే పై ఫ్లోర్ వాళ్ళు కిందకి చూస్తున్నారు, పవర్ పోకుండా సౌండ్ తగ్గాలంటే ఏం చేయాలి అన్నా?" ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నా. (కొత్తవాళ్ళకి: స్టేజ్ 1, 2 అంటే పవర్ పెంచే ట్యూనింగ్ లెవెల్స్, డౌన్‌పైప్ అంటే టర్బో నుంచి దిగే మొదటి ఎగ్జాస్ట్ పైప్.)

ముందే ఒక మాట. దాదాపు అందరూ చేసే మొదటి పని వెనకాల ఇంకో పెద్ద సైలెన్సర్ తగిలించడం, కానీ అది వరసలో చివర్లో రావాలి. మోత అంటే ఒకటే శబ్దం కాదు, నాలుగైదు రకాలు కలిసి వస్తాయి, ఒక్కోదానికి మందు వేరు. ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి, ఖర్చు తగ్గుతుంది, పని కూడా ఒక్కసారికే అయిపోతుంది.

నా ఉదాహరణలన్నీ 1.8 టీఎస్ఐ ఆక్టేవియా మీద, ఎందుకంటే నేను చేసింది దాని మీదే. 4 సిలిండర్ల టర్బో పెట్రోల్ ఏదైనా ఇదే లెక్క. పోలో 1.0 టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్ లాంటి 3 సిలిండర్ల కార్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్తాను.

## 1. మొదలుపెట్టే ముందు: ఏ సౌండో పట్టుకోండి

ఫ్రెండ్‌ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి మీరు బయట నిలబడి వినండి, తర్వాత మీరు వెనక సీట్లో కూర్చుని వినండి. డ్రైవర్ సీట్లోంచి విన్నది నమ్మి డబ్బు ఖర్చు పెట్టొద్దు.

- టక్ టక్, ఫుస్ ఫుస్: చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తగ్గుతుంది. ఇది లీక్.
- గుయ్‌మనే హోరు: కేబిన్‌లో మాత్రమే, ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమే, చెవులు బరువెక్కినట్టు ఉంటుంది. దీన్నే డ్రోన్ అంటారు.
- రేకు గీరినట్టు చిర్రుమనే సౌండ్: 3,000 దాటాక యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది. క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్, పొగని శుభ్రం చేసే డబ్బా) తీసేసిన కార్లలో కామన్.
- టపాసులు పేలినట్టు: యాక్సిలరేటర్ వదిలినప్పుడు. ఇది పైపులది కాదు, మ్యాప్‌ది, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) లోని ట్యూనింగ్ ప్రోగ్రామ్‌ది.
- మొత్తంగా మోత: అన్ని ఆర్‌పీఎంలలో బయటికి గట్టిగా. ఇక్కడే సైలెన్సర్ పని మొదలవుతుంది.
- ముందు బానెట్ వైపు నుంచి బుస్: ఓపెన్ కోన్ ఫిల్టర్ సౌండ్, లేదా గాలి బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ సౌండ్. చాలా మంది దీన్ని కూడా ఎగ్జాస్ట్ ఖాతాలో వేసేస్తారు. కంపెనీ ఎయిర్ బాక్స్, గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకే పంపే కంపెనీ వాల్వ్ ఒక రోజు పెట్టి చూడండి, ఇంట్లో మూలన పడే ఉంటాయిగా.

కొలిచే పద్ధతి: ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చాలు, నంబర్ కరెక్టా కాదా అన్నది పక్కన పెట్టండి, ముందుకీ తర్వాతకీ తేడా తెలిస్తే మన పని అయిపోతుంది. పైప్ చివర నుంచి అర మీటర్ దూరం, 45 డిగ్రీల కోణం, పైప్ చివర ఎంత ఎత్తులో ఉందో ఫోన్ కూడా అంతే ఎత్తు. ఐడిల్ ఒకసారి, 3,000 ఆర్‌పీఎం పట్టుకుని ఒకసారి. ఖాళీ గ్రౌండ్‌లో చేయండి, గోడల మధ్య చేస్తే సౌండ్ తిరిగొచ్చి లెక్క చెడిపోతుంది. ప్రతి స్టెప్ తర్వాత అదే చోట, అదే ఫోన్‌తో మళ్ళీ కొలిచి రాసుకోండి. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది, 2-3 తగ్గితే పక్కింటాయనకి తేడా పెద్దగా తెలియదు, అది గుర్తుపెట్టుకుని టార్గెట్ పెట్టుకోండి.

## 2. చట్టం సంగతి, క్లుప్తంగా

కొత్త కార్ కంపెనీ నుంచి బయటికొచ్చేటప్పుడు పాస్-బై టెస్టులో (మైక్ పక్క నుంచి కార్ నడిపి కొలిచే టెస్ట్) 74 డెసిబెల్స్ దాటకూడదు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 190(2) కింద శబ్దం, పొగ ప్రమాణాలు మీరిన బండికి మొదటిసారే 10,000 దాకా ఫైన్, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్స్ పోతుంది. సెక్షన్ 52 బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం గురించి. క్యాట్ తీసేసి తిరగడం కూడా దీని కిందకే వస్తుంది కాబట్టి ఈ గైడ్‌లో క్యాట్ మళ్ళీ పెట్టడం ఒక స్టెప్‌గానే ఉంది, ఆప్షన్‌గా కాదు.

## 3. సామాను, సేఫ్టీ చెక్‌లిస్ట్

- జాక్ ఒక్కటే నమ్ముకుని కార్ కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి లేదా లిఫ్ట్ ఉన్న షాప్‌కి వెళ్ళండి
- టార్చ్, వైర్ బ్రష్, సబ్బు నీళ్ళ స్ప్రే, మందపాటి గ్లోవ్స్
- కొత్త గ్యాస్కెట్లు, కొత్త నట్లు (పాతవి తిరిగి వాడొద్దు, తుప్పు పట్టినవి సరిగ్గా టైట్ అవ్వవు)
- తుప్పు వదిలించే స్ప్రే, ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి
- సిలికాన్ బుష్‌లు కాదు, గట్టి పాలీయురేథేన్ బుష్‌లు అసలే కాదు, కంపెనీ రబ్బర్ హ్యాంగర్ బుష్‌లు
- కార్ మీద వెల్డింగ్ చేస్తుంటే బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఆక్సిజన్ సెన్సార్లు విప్పేయాలి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్ ఆ పైప్‌కే పెట్టాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి

సెల్లార్‌లో, షట్టర్ వేసిన గ్యారేజ్‌లో ఇంజిన్ ఆన్ చేసి లీక్ టెస్టులు చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు. బయట చేయండి.

## 4. మొదటి స్టెప్: లీకులు

రాత్రంతా ఆగి ఉన్న కార్‌తో చేయాలి. ఇనుము వేడెక్కితే సాగుతుంది, చిన్న సందులు మూసుకుపోతాయి, అందుకే వేడి కార్ మీద లీక్ దొరకదు.

1. స్టార్ట్ చేయండి, ఒకరు తడి గుడ్డ మడిచి గ్లోవ్స్ వేసుకున్న చేత్తో పైప్ చివర కొన్ని సెకన్లు అదిమి పట్టాలి. పూర్తిగా బిగించొద్దు, ప్రెజర్ కొంచెం పెరిగితే చాలు.
2. ఇంకొకరు ముందు నుంచి వెనక్కి ప్రతి జాయింట్ దగ్గర వినాలి: టర్బో-డౌన్‌పైప్ వి-బ్యాండ్ క్లాంప్, సెన్సార్ల చుట్టూ, ఫ్లెక్స్ పైప్ జాలీ, ఫ్లాంజ్ గ్యాస్కెట్లు, వెల్డింగ్ గీతలు.
3. ఇంకా పైపులు వేడెక్కకముందే సబ్బు నీళ్ళు కొట్టండి, బుడగలు వచ్చిన చోట చాక్‌పీస్‌తో మార్క్ చేయండి.
4. నల్లగా మసి గీత ఉందంటే అక్కడ లీక్ ఉన్నట్టే, బుడగ రాకపోయినా సరే.

వి-బ్యాండ్ లీక్ అయితే ఊరికే టైట్ చేయకండి. లూజ్ చేసి, రెండు ముఖాలు సమంగా కూర్చోబెట్టి, క్లాంప్ చుట్టూ మెల్లగా తట్టుతూ టైట్ చేయాలి. వంకరగా కూర్చున్న వి-బ్యాండ్‌ని ఎంత బిగించినా లీక్ పోదు, బోల్ట్ తెగుతుంది అంతే. ఫ్లెక్స్ జాలీ చిరిగితే మార్చడమే, దాని మీద రేకు చుట్టి వెల్డింగ్ చేస్తే ఇంజిన్ కదలిక అంతా డౌన్‌పైప్ మీద పడి ఇంకోచోట పగులుతుంది.

ఇంకో విషయం, ముందు ఆక్సిజన్ సెన్సార్‌కి దగ్గర్లో లీక్ ఉంటే బయటి గాలి లోపలికి లాగి మిక్స్‌చర్ రీడింగ్ తప్పు చూపిస్తుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోల్ పోస్తుంది. మైలేజ్ పడిపోయింది, సౌండ్ పెరిగింది రెండూ ఒకేసారి మొదలయ్యాయంటే ముందు అక్కడే చూడండి.

## 5. రెండో స్టెప్: మ్యాప్

పాప్స్, బ్యాంగ్స్ మ్యాప్ ఉంటే ఏ సైలెన్సర్ పెట్టినా అనవసరం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మామూలుగా పెట్రోల్ కట్ అవ్వాలి. ఈ మ్యాప్‌లో దాన్ని ఆపి, ఇగ్నిషన్ లేట్ చేసి, మంట ఎగ్జాస్ట్‌లోకి వచ్చేలా చేస్తారు. ఆ వేడికి క్యాట్ లోపలి తేనెపట్టు కరిగిపోతుంది, సైలెన్సర్ లోపలి దూది కాలిపోయి బయటికి కొట్టుకుపోతుంది. అంటే మీరు కొత్తగా పెట్టబోయే సామాను మొత్తం ఆరు నెలల్లో పాడైపోడానికి ఇదొక్కటి చాలు.

మీ ట్యూనర్‌కి స్పష్టంగా చెప్పండి: "ఓవర్‌రన్ ఫ్యూయల్ కట్ కంపెనీలాగా పెట్టేయండి, బర్బుల్స్ పూర్తిగా ఆఫ్." పవర్ ఒక్క పీఎస్ కూడా తగ్గదు. సౌండ్ మీద వచ్చే కంప్లయింట్లలో సగం ఇక్కడే పోతాయి, ఎందుకంటే రాత్రి 11కి కాలనీలో జనాన్ని లేపేది ఆ పేలుళ్ళే.

కోల్డ్ స్టార్ట్ మోత సంగతి వేరు. చల్లటి ఇంజిన్ ఐడిల్ పెంచి, ఇగ్నిషన్ లేట్ చేసి క్యాట్‌ని వేడి చేస్తుంది, అది ఒక నిమిషం లోపు ఉంటుంది. దాన్ని మ్యాప్‌లో తీయించేయొద్దు, క్యాట్ లేటుగా వేడెక్కి పొగ పెరుగుతుంది. స్టార్ట్ చేసి నిలబెట్టి ఉంచకుండా, పది పదిహేను సెకన్లలో మెల్లగా కదిలించి బయటికెళ్ళిపోండి, చాలు.

## 6. మూడో స్టెప్: క్యాట్ మళ్ళీ పెట్టడం

ఆ చిర్రుమనే సౌండ్‌కి అసలైన మందు ఇదే. క్యాట్ లోపల సన్నటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి, ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం అక్కడే విరిగిపోతుంది. టర్బోలో టర్బైన్ కొంత సౌండ్ మింగేస్తుంది, మిగిలిన దాంట్లో చెవికి గుచ్చుకునే భాగాన్ని క్యాట్ తీసేస్తుంది, మిగతా బరువు సౌండ్ సైలెన్సర్ వంతు.

కంపెనీ డౌన్‌పైప్ ఉంటే, మీ పవర్ టార్గెట్ మామూలు స్టేజ్ 1 లెవెల్ అయితే, అదే పెట్టేయండి, దీన్ని మించిన సలహా లేదు. లేదంటే మెటల్ సబ్‌స్ట్రేట్ హై-ఫ్లో క్యాట్, 200 సెల్ లేదా 300 సెల్ (చదరపు ఇంచుకి ఎన్ని రంధ్రాలో ఆ లెక్క). 300 సెల్‌కి సౌండ్ ఇంకొంచెం తగ్గుతుంది. పేరు మాత్రమే క్యాట్ అయి లోపల ఖాళీ డబ్బా ఉన్నవి కూడా అమ్ముతున్నారు, టార్చ్ వేసి ఇటు నుంచి అటు చూడండి, సన్నటి జల్లెడలా కనిపించాలి.

## 7. నాలుగో స్టెప్: మధ్యలో రెజొనేటర్

చాలా మిడ్‌పైపుల్లో (క్యాట్‌కీ వెనక సైలెన్సర్‌కీ మధ్య పైప్) రెజొనేటర్, అంటే మధ్యలో ఉండే చిన్న సైలెన్సర్, కోసేసి నిటారు పైప్ వేసేస్తారు. దాన్ని తిరిగి పెట్టాలి. క్యాట్‌కి వెనక, ఫ్లోర్ టన్నెల్ కింద చోటు కొలవండి: ఎత్తు, వెడల్పు, పొడవు. ముందు కొలత, తర్వాత సామాను, ఈ వరస తప్పితే స్పీడ్ బ్రేకర్ మీద గీరుకుంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- పొడవు: దొరికిన చోటులో ఎంత పొడవు పడితే అంత. 12 ఇంచుల బాడీ కన్నా 18 ఇంచుల బాడీ ఖచ్చితంగా బెటర్.
- లోపలి పైప్: మీ పైప్ సైజే ఉండాలి. బయట 2.5 ఇంచులు రాసి లోపల 2 ఇంచులకి సన్నబడేవి ఉన్నాయి, వేలు పెట్టి కాదు, కాలిపర్‌తో కొలవండి.
- చిల్లులు ఉన్న కోర్ కావాలి. చీల్చి పైకి లేపిన లూవర్ కోర్ వద్దు, గాలి తగిలి ఈల వేస్తుంది, దారికి అడ్డం కూడా.
- లోపలి ప్యాకింగ్: కోర్‌కి ఆనుకుని స్టీల్ ఉన్ని, దాని చుట్టూ బసాల్ట్ లేదా సెరామిక్ ఉన్ని. మామూలు ఫైబర్ గ్లాస్ టర్బోకి దగ్గర్లో నిలవదు.

పైప్ సైజ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. 200-250 పీఎస్ దాకా 2.5 ఇంచులు, అంటే 63.5 ఎంఎం, రోడ్డు కార్‌కి సరిపోతుంది. 1.0 టీఎస్ఐ లాంటి చిన్న ఇంజిన్‌కి 2.25 ఇంచులు చాలు. డౌన్‌పైప్ 3 ఇంచులు ఉన్నా దాని వెనక 2.5కి మెల్లగా కుదించుకోవచ్చు, గ్యాస్ వెనక్కి వెళ్ళే కొద్దీ చల్లబడి కుంచించుకుపోతుంది కాబట్టి. మొత్తం 76 ఎంఎం పైప్ వేసి సౌండ్ తగ్గట్లేదు అంటే ఎలా తగ్గుతుంది, సైలెన్సర్ బాడీ అంతే ఉండి లోపలి దారి మాత్రం పెద్దదైతే ప్యాకింగ్‌కి చోటేది?

## 8. ఐదో స్టెప్: వెనక సైలెన్సర్

ఇక్కడ వాల్యూమే రాజు. బంపర్ కింద ఎంత పెద్ద బాడీ పడుతుందో అంత పెద్దది. అయితే రెజొనేటర్, సైలెన్సర్ రెండూ ఒకే పొడవు తీసుకోవద్దు, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలని పట్టుకుని మిగతావి వదిలేస్తాయి.

నిటారు దారి ఉన్న సైలెన్సర్ ఫ్లో బాగా ఇస్తుంది, కానీ తక్కువ ఫ్రీక్వెన్సీ హోరుని అంతగా ఆపలేదు. గదులున్న సైలెన్సర్ ఆ హోరుని బాగా ఆపుతుంది, ఫ్లో కొంచెం తగ్గుతుంది. నా అనుభవంలో రోడ్డు మీద రోజూ తిరిగే కార్‌కి మధ్యలో నిటారు రెజొనేటర్, వెనక గదుల సైలెన్సర్, ఈ కాంబినేషన్‌ని మించింది లేదు. కంపెనీ వెనక సైలెన్సర్ దాచి ఉంటే ముందు దాన్నే పెట్టి కొలవండి.

"బ్యాక్ ప్రెజర్ పెరిగి టర్బో చచ్చిపోతుంది" అన్న భయం ఉంటే మాటల్లో వాదించుకోవడం కన్నా కొలుచుకోవడం మేలు. వెనక ఆక్సిజన్ సెన్సార్ రంధ్రానికి అడాప్టర్, మెటల్ ట్యూబ్, ప్రెజర్ గేజ్ తగిలించి ఫుల్ త్రాటిల్‌లో చూడండి. సెన్సార్ విప్పితే చెక్ లైట్ వస్తుంది, తర్వాత క్లియర్ చేసుకోండి. నేను 3 పీఎస్ఐ లోపు ఉంటే సంతృప్తి పడతా. దాటితే ఏదో ఒకచోట దారి సన్నబడింది, లేదా ఏదో వంపు నలిగింది.

చేయకూడనివి రెండు. టిప్‌లో బోల్ట్‌తో బిగించే డీబీ కిల్లర్ రోజూ వాడొద్దు, టర్బోకి అది గొంతులో అడ్డం పడ్డట్టే. పైప్‌లో స్టీల్ స్క్రబ్బర్లు కుక్కొద్దు, ఊడొచ్చి మధ్యలో ఇరుక్కుంటాయి.

ఫిటింగ్ వరస: కార్ మీద అన్నీ ఆనించి కేవలం చుక్క వెల్డింగ్ పెట్టించండి, తర్వాత కిందకి దించి బెంచ్ మీద ఫుల్ టిగ్ వెల్డింగ్, లోపల ఆర్గాన్ పంపిస్తూ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి చేయి ఉన్న వాళ్ళు దొరుకుతారు, కానీ స్టెయిన్‌లెస్ 304కి లోపల ఆర్గాన్ పెడతారా అని ముందే అడగండి, పెట్టకపోతే లోపలి వైపు చక్కెర గడ్డల్లా తయారై కొన్నాళ్ళకి అక్కడే పగులుతుంది. నా మొదటి మిడ్‌పైప్ సరిగ్గా అలాగే పగిలింది, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పైప్‌కీ బాడీకీ మధ్య చుట్టూ కనీసం 15-20 ఎంఎం గ్యాప్ ఉండాలి, వేడికి పైప్ వెనక్కి సాగుతుంది. టిప్ బంపర్ అంచు దాటి బయటికి రావాలి. కిందే ఆపేస్తే పొగ డిక్కీలోకి, హోరు ఫ్లోర్‌లోకి.

## 9. ఆరో స్టెప్: డ్రోన్ పైప్

ఇంతా చేశాక కూడా ఓఆర్‌ఆర్ మీద ఒక స్పీడ్ దగ్గర చెవులు మూసుకుపోతున్నాయంటే, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని వేటాడాలి. దానికే డ్రోన్ పైప్: మెయిన్ పైప్‌కి పక్కన కొమ్మలా కలిపే, చివర మూసిన పైప్. ఈ స్టెప్ ఓపికగా చేస్తే వచ్చే ఫలితం మామూలుగా ఉండదు.

1. డ్రోన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువో రాసుకోండి. నాకు 2,100.
2. 4 సిలిండర్లకి ఆర్‌పీఎంని 30తో భాగించండి: 2,100 అంటే 70 హెర్ట్జ్. 3 సిలిండర్లకి 40తో: 52.5 హెర్ట్జ్.
3. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి ఆ హెర్ట్జ్ దగ్గరే శిఖరం ఉందా చూడండి. లేకపోతే అది ఎగ్జాస్ట్ డ్రోన్ కాదు, ఏదో బాడీకి తగులుతోంది, ఐదో స్టెప్‌లో చెప్పిన గ్యాప్ మళ్ళీ చూడండి.
4. పొడవు లెక్క: వేడి గ్యాస్‌లో శబ్దం వేగాన్ని, హెర్ట్జ్‌ని 4తో గుణించగా వచ్చిన దాంతో భాగించాలి. మెయిన్ పైప్‌లో 300 డిగ్రీలకి వేగం సెకనుకి 480 మీటర్లు, కానీ ఈ కొమ్మ పైప్ చివర మూసి ఉంటుంది, లోపల గ్యాస్ ప్రవహించదు, చల్లగా ఉంటుంది, 150 డిగ్రీలకి 410 అనుకోండి. అంటే 70 హెర్ట్జ్‌కి 1.46 మీటర్ల నుంచి 1.71 మీటర్ల మధ్య.
5. పొడవైన కొలతతో మొదలుపెట్టి చివర వెల్డ్ చేయకుండా మూతని జారే క్లాంప్‌తో పెట్టండి. హైవే మీద నడిపి, ఇంకా డ్రోన్ ఉంటే 3-4 సెంటీమీటర్లు తగ్గించి మళ్ళీ నడపండి. కుదిరాక వెల్డ్ చేయండి.

వంపులు ఉన్నా ఫర్వాలేదు, యూ ఆకారంలో మడవొచ్చు. కొమ్మ పైప్ సైజ్ మెయిన్ పైప్‌కి దగ్గరగా ఉండాలి. టిప్ పక్కన మాత్రం పెట్టొద్దు, తెరిచి ఉన్న చివర దగ్గర ప్రెజర్ అల చచ్చిపోయి ఉంటుంది, పట్టుకోడానికి ఏమీ ఉండదు. వెనక సైలెన్సర్‌కి ముందు పెట్టండి.

3 సిలిండర్ల వాళ్ళకి 52.5 హెర్ట్జ్ అంటే దాదాపు 2 మీటర్లు కావాలి, చిన్న కార్ కింద అంత చోటు దొరకదు. మీరు డ్రోన్ పైప్ వదిలేసి గదులున్న పెద్ద వెనక సైలెన్సర్ మీద డబ్బు పెట్టండి.

## 10. కేబిన్ పని, అది కూడా చివర్లో

డిక్కీ కార్పెట్ ఎత్తి ఫ్లోర్‌లో రబ్బర్ బిళ్ళలు ఊడాయేమో, డిక్కీ డోర్ రబ్బర్ చిరిగిందేమో చూడండి. స్టెప్నీ గుంతలో బ్యూటైల్ షీట్ వేస్తే రేకు కంపనం తగ్గుతుంది. లోపల హాయిగా ఉంటుంది గానీ బయట వాళ్ళకి ఒక్క డెసిబెల్ తగ్గదు, కాబట్టి దీన్ని పరిష్కారం అనుకోకండి.

## 11. పని అయ్యాక చెక్‌లిస్ట్

- అదే గ్రౌండ్‌లో, అదే ఫోన్‌తో మళ్ళీ కొలిచారా
- లీక్ టెస్ట్ చల్లటి కార్ మీద మళ్ళీ చేశారా
- బూస్ట్ లాగ్ తీసి ట్యూనర్‌కి పంపారా (ఎగ్జాస్ట్ మారితే వేస్ట్‌గేట్, అంటే టర్బో బూస్ట్‌ని అదుపులో పెట్టే వాల్వ్, పని మారుతుంది, పాత మ్యాప్ మీద అలాగే తొక్కొద్దు)
- నలుగురిని ఎక్కించి స్పీడ్ బ్రేకర్ దాటించారా, ఏదైనా గీరిందా
- కొత్త పీయూసీ చేయించారా
- 500 కిలోమీటర్ల తర్వాత క్లాంపులు, నట్లు మళ్ళీ బిగించారా

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే వాళ్ళకి సైలెన్సర్‌లో నీళ్ళు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది, కింద అన్నిటికన్నా పల్లంలో 2-3 ఎంఎం చిల్లు ఒకటి ఉందో లేదో చూడండి, వారానికోసారి అరగంట హైవే మీద తిప్పండి. నిటారు సైలెన్సర్ ఏడాది, రెండేళ్ళకి మెల్లగా సౌండ్ పెంచుతుంటే పైపుల జోలికి పోకండి, లోపలి ఉన్ని అయిపోయింది అంతే. బోల్ట్ మూత ఉన్నదైతే విప్పి కొత్త బసాల్ట్ ఉన్ని కుక్కుకోవచ్చు, మరీ గట్టిగా కుక్కితే సౌండ్ మింగదు, వదులుగా పెడితే ఊడిపోతుంది, పరుపులో దూది ఎంత గట్టిగా ఉంటుందో అంత.